జాగ్రత్త: రేడియోహెడ్ ‘న్యూస్‌పేపర్ ఆల్బమ్’ మళ్ళీ వచ్చిందన్న యాడ్ కనిపిస్తే నొక్కకండి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, తీరిక ఉన్నవాళ్ళు మిగతాది చదువుకోండి. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్ళ ‘ద కింగ్ ఆఫ్ లింబ్స్’ ఆల్బమ్ న్యూస్‌పేపర్ ఎడిషన్ మళ్ళీ ప్రింట్ చేశారని, ఇండియాకి కొన్ని కాపీలే వచ్చాయని, 11,800 రూపాయలని ఇన్‌స్టాలో ఒక యాడ్ తిరుగుతోంది. నొక్కితే అచ్చం బ్యాండ్ వాళ్ళ సొంత షాపులా కనిపించే సైట్ తెరుచుకుంటుంది. అదే తెల్ల బ్యాక్‌గ్రౌండ్, వాళ్ళ గుర్తు అయిన అదే పళ్ళికిలించే ఎలుగుబంటి. కొనకండి. నేను కొన్నాను, డబ్బు పోయింది, వచ్చిన సరుకు సంగతి కింద చెప్తాను.

ఇంత తెలిసినవాడివి ఎలా పడ్డావు అని మా ఫ్రెండ్స్ అందరూ అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే తెలిసినవాణ్ణి కాబట్టే పడ్డాను. కొత్తగా వినేవాడైతే సైట్ చూడగానే ఏదో తేడాగా ఉందే అనుకుని వెళ్ళిపోయేవాడు. ఈ బ్యాండ్‌ని ఇరవై ఏళ్ళుగా ఫాలో అవుతున్న మాకేమో తేడాగా ఉంటేనే వీళ్ళదే అయ్యుంటుందన్న నమ్మకం. ఎందుకంటే ఆన్‌లైన్‌లో వీళ్ళు ఏది అమ్మినా ఒకసారి అమ్మినట్టు ఇంకోసారి అమ్మలేదు.

2007 అక్టోబర్ గుర్తు చేసుకోండి. ‘ఇన్ రెయిన్‌బోస్’ పది రోజుల్లో వస్తుందని ఉన్నట్టుండి చెప్పారు, 10వ తేదీన దింపేశారు. వెనక రికార్డు కంపెనీ లేదు, ఆ ఆల్బమ్ కోసమే విడిగా ఒక సైట్. ధర ఉండాల్సిన చోట ఖాళీ గడి, పక్కన ప్రశ్న గుర్తు. దాన్ని నొక్కితే ‘మీ ఇష్టం’ అని వచ్చేది, మళ్ళీ నొక్కితే ‘నిజంగానే, మీ ఇష్టం’ అని. నేనప్పుడు వరంగల్‌లో ఇంజనీరింగ్, హన్మకొండ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చున్నాను, గంటకి పదిహేను రూపాయలు. కార్డు పెట్టి కొంటే పైన 45 పెన్నీలు చార్జీ అని ఉంది కానీ నా దగ్గర కార్డే లేదు కదా, అందుకని సున్నా కొట్టాను. ఫైలు యాభై ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. సగంలో కరెంటు పోయింది, మళ్ళీ మొదటినుంచి. మూడు గంటలకి నలభై అయిదు రూపాయలు నెట్ సెంటర్ ఆయనకి ఇచ్చాను, బ్యాండ్‌కి సున్నా. ఆ సున్నా నాకు చాలాకాలం గుచ్చుకుంది. పాటలు తక్కువ క్వాలిటీలో, 160 కేబీపీఎస్‌లోనే ఇచ్చారని బయట చాలామంది గొడవ చేశారు గానీ, అరవై రూపాయల ఇయర్‌ఫోన్లకి ఏ కేబీపీఎస్ అయితే ఏంటి.

అదే సైట్‌లో 40 పౌండ్ల డిస్క్ బాక్స్ కూడా ఉండేది. రెండు సీడీలు, రెండు రికార్డులు, బొమ్మల పుస్తకం, పాటల పుస్తకం. అప్పట్లో మూడు వేలు దాటేది. బొమ్మ సేవ్ చేసుకుని డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను, అంతవరకే నా స్తోమత. డిసెంబర్ వచ్చేసరికి ‘మీ ఇష్టం’ స్కీమ్ ఎత్తేశారు, కొత్త సంవత్సరానికి మామూలు సీడీ షాపుల్లోకి వచ్చింది.

తర్వాత 2011 ఫిబ్రవరి, ఆ ‘ద కింగ్ ఆఫ్ లింబ్స్’ వంతు. మళ్ళీ ఇంకో కొత్త సైట్. 14న చెప్పి 19న ఇస్తామన్నారు, ఒక రోజు ముందే 18న ఇచ్చేశారు. ఈసారి ‘మీ ఇష్టం’ లేదు, ఎంపీ3 అయితే 9 డాలర్లు. మారిపోయారు, డబ్బు వాసన తగిలింది అని తిట్టినవాళ్ళున్నారు, నాకైతే న్యాయంగానే అనిపించింది. అప్పటికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది, కార్డూ వచ్చింది, మొదటిసారి ఈ బ్యాండ్‌కి నా డబ్బు వెళ్ళింది. దాంతోపాటే న్యూస్‌పేపర్ ఎడిషన్ ప్రకటించారు. రెండు పారదర్శకమైన పది అంగుళాల రికార్డులు, ఒక సీడీ, నిజం పేపర్‌లా మడత పెట్టిన పెద్ద పెద్ద షీట్లు, చింపుకునేంత చిన్న బొమ్మల ముక్కలు 625. అక్క పెళ్ళి దగ్గర పడుతోంది, కొనలేదు. అప్పటినుంచి అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

2016 మే ఒకటిన బ్యాండ్ సైట్ మొత్తం మెల్లగా తెల్లబడిపోయింది, ట్విట్టర్‌లో పోస్టులన్నీ మాయం. ఎవరో హ్యాక్ చేశారని మేం కంగారు పడుతుంటే వారం తిరిగేసరికి 8వ తేదీన కొత్త ఆల్బమ్ వచ్చింది. అంతకుముందే ఇంగ్లండ్‌లో పాత కస్టమర్లకి ఇంటికి కార్డులు వెళ్ళాయి పోస్టులో. 2019లో నిజంగానే దొంగతనం జరిగింది, ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్ నాటి, మినీడిస్కులనే చిన్న డిస్కుల మీద ఉన్న రికార్డింగులు ఎవరో కాజేసి బేరం పెడితే, వీళ్ళు ఆ పద్దెనిమిది గంటల సరుకుని తామే పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో 18 పౌండ్లకి పెట్టేసి, 18 రోజులు అమ్మి, డబ్బు పర్యావరణ ఉద్యమానికి ఇచ్చారు. దొంగసరుకు కూడా అఫీషియల్ అయిపోయిన బ్యాండ్ అండీ ఇది! ఇక్కడ ఏది ఒరిజినలో ఏది కాదో అభిమాని ఎలా తేల్చుకోవాలి చెప్పండి?

నన్ను ముంచింది మాత్రం 2020 జనవరి. వీళ్ళు ‘పబ్లిక్ లైబ్రరీ’ అని పెట్టారు, పాతవన్నీ ఒకచోట, ఉచితంగా, మన పేరుతో లైబ్రరీ కార్డు కూడా చేసుకోవచ్చు. అందులో ఎప్పుడో ఆగిపోయిన పాత టీషర్టులు ఆర్డర్ ఇస్తే మళ్ళీ కుట్టి పంపుతామన్నారు. అంటే పాత సరుకు తిరిగి వస్తుందన్న ఆశ ఎవరో దొంగ పుట్టించింది కాదు, బ్యాండే పెట్టింది.

ఇక 2025 ఆగస్టు 13న ‘హెయిల్ టు ద థీఫ్’ అనే పాత ఆల్బమ్ పాటల లైవ్ ఆల్బమ్ చెప్పాపెట్టకుండా స్ట్రీమింగ్‌లోకి వచ్చేసింది, రికార్డులు, సీడీలు అక్టోబర్ 31కి అన్నారు. తర్వాత మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగన్, బెర్లిన్ టూర్. నాలాంటివాళ్ళు రోజూ ఫోన్‌లో అదే వెతుక్కుంటున్నాం, వాళ్ళ షాపు వేస్ట్‌లోకి రోజుకి నాలుగుసార్లు వెళ్తున్నాం. (అవును, షాపు పేరే వేస్ట్. ఆ పేరు విన్నప్పుడే మా ఆవిడ ఒక మాట అంది, ఇప్పుడు ఆ మాట రోజూ వింటున్నాను.) సరిగ్గా అప్పుడు, నవంబర్‌లో, ఆ యాడ్ నా కంటపడింది.

సైట్‌లో ధర రూపాయల్లో ఉంది. నేను ఇదివరకు వాళ్ళ షాపులో కొన్నదంతా పౌండ్లలోనే, అయినా ‘ఇండియాకి విడిగా తెచ్చారేమోలే, కస్టమ్స్ గొడవ తప్పింది’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కార్డు నంబర్ కొడితే తీసుకోలేదు. వెంటనే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, గేట్‌వే సమస్య సార్, యూపీఐ చేస్తే పది శాతం డిస్కౌంట్ అని. క్యూఆర్ స్కాన్ చేస్తే ఏ కంపెనీ పేరూ రాలేదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. అక్కడ ఆగాలి కదా? ఆగలేదు. “సార్, మూడే మిగిలాయి” అన్నాడు. పద్నాలుగేళ్ళు ఆగినవాణ్ణి, పద్నాలుగు నిమిషాలు ఆగలేకపోయాను. డిస్కౌంట్ పోను 10,620 కొట్టాను.

పార్సిల్ మాత్రం వచ్చింది. వాళ్ళ తెలివంతా అక్కడే ఉంది, అసలు పంపకపోతే కేసు తేలిక. పన్నెండో రోజున ఒక సన్నటి కవరు, గుమ్మం దగ్గర ఓటీపీ చెప్పి తీసుకున్నాను. లోపల ఏ3 కాగితాల మీద కలర్ ప్రింటవుట్ ఆరు పేజీలు, మడిచిన చోట ఇంకు వేలికి అంటుకుంటోంది. న్యూస్‌పేపర్ అంటే ఇదన్నమాట. ఒకే ఒక్క రికార్డు, నల్లది, పన్నెండు అంగుళాలది. మధ్యలో లేబుల్ తెల్లగా, ఏమీ రాసిలేదు. సీడీ లేదు, 625 ముక్కల్లో ఒక్కటి లేదు. సరే, పాటలైనా ఉన్నాయా అని ప్లేయర్ మీద పెట్టాను. చిల్లు సరిగ్గా మధ్యలో లేదు, ముల్లు ప్రతి చుట్టుకీ ఎడమకీ కుడికీ ఊగుతోంది, దాంతో పాట కూడా ఊగుతోంది, తాగినవాడు పాడినట్టు. పైగా అది ఆ ఆల్బమే కాదు. ఎప్పటిదో రేడియోలో వచ్చిన కచేరీ, చప్పట్ల మధ్యలో అనౌన్సర్ గొంతు కూడా ఉంది. ఇలాంటి రేడియో కచేరీల దొంగ ప్రెసింగులు (రికార్డు అచ్చులు) బయట చాలానే దొరుకుతాయి, అందులో చవకది ఒకటి తీసి పడేశారు.

వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అడిగితే “సార్ డెలివరీ అయింది కదా, ఇది ఇండియన్ ఎడిషన్” అన్నాడు. ఇండియన్ ఎడిషన్‌లో పాటలు కూడా వేరేగా ఉంటాయా అని అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఆ తర్వాత బ్లాక్.

బ్యాంకులో పనిచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. పాపం మర్యాదగానే చెప్పాడు: “బావగారూ, పిన్ కొట్టింది మీరే కదా. కార్డు అయితే డబ్బు వెనక్కి ఇవ్వమని డిస్ప్యూట్ వేసేవాళ్ళం. ఇదైతే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఇప్పుడే చేయండి, రేపు కాదు.” చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా కంప్లయింట్ పెట్టాను, నంబర్ వచ్చింది, డబ్బు రాలేదు. అసలు డబ్బు కొట్టిన రోజే అనుమానం వచ్చి చేసి ఉంటే అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం ఉండేదట. నేను పన్నెండు రోజులు పార్సిల్ కోసం ఎదురు చూస్తూ ట్రాకింగ్ పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. ట్రాకింగ్ నంబర్ ఇచ్చేది కూడా అందుకేనేమో.

అన్నీ అయిపోయాక కూర్చుని చూస్తే సాక్ష్యాలన్నీ ముందునుంచీ కళ్ళెదుటే ఉన్నాయి. సైట్ పేరు ఎప్పుడు రిజిస్టర్ చేశారో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, చూస్తే మూడు వారాల కిందటిది. కాంటాక్ట్ పేజీలో అడ్రస్ లేదు, ఫోన్ లేదు, ఒక ఫారం మాత్రం ఉంది. యాడ్‌లో ఉన్న ఫొటోని గూగుల్‌లో బొమ్మతో వెతికితే పాత అమ్మకాల పేజీ ఒకదానిలో తేలింది, విదేశంలో ఎవరో తన కాపీని ఇంట్లో కార్పెట్ మీద పరిచి తీసుకున్న ఫొటో. గోధుమరంగు కార్పెట్, కుడి మూలన సిగరెట్ కాలిన మచ్చ. బ్యాండ్ వాళ్ళు కొత్త సరుకుని కాలిన కార్పెట్ మీద పెట్టి ఫొటో తీస్తారా? అంత పెద్ద మచ్చ నాకు ఎలా కనపడలేదో ఇప్పటికీ అర్థం కావడంలేదు.

కాబట్టి మీరు చేయాల్సిందల్లా ఇదే. యాడ్ ఎంత అందంగా ఉన్నా దాన్నుంచి లోపలికి వెళ్ళకండి, రేడియోహెడ్ అసలు సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి, అక్కడినుంచి షాపులోకి వెళ్ళండి, అక్కడ లేనిది ఎక్కడా లేనట్టే. ఇంత పెద్ద రీప్రింట్ నిజమైతే ఆ సైట్‌లో ఒక్క ముక్క అయినా ఉండేది, నేను చూసినప్పుడు ఏమీ లేదు. పాత కాపీ ఎవరిదగ్గరైనా కొంటుంటే రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ సైట్‌లో ఆ ప్రెసింగ్ పేజీ తెరిచి పెట్టుకోండి, రికార్డులు ఎన్ని, ఏ సైజు, ఏ రంగు అన్నీ అక్కడ ఉంటాయి. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి చోట చిన్నగా చెక్కిన అంకెలుంటాయి, దాని ఫొటో అడగండి. నిజంగా చేతిలో ఉన్నవాడు రెండు నిమిషాల్లో తీసి పంపుతాడు. ఒక చీటీ మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాసి రికార్డు పక్కన పెట్టి తీయమనండి, విసుక్కుంటే వదిలేయండి. డబ్బు కార్డుతోనే కట్టండి, పది శాతం కోసం యూపీఐకి మారకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. ‘మూడే మిగిలాయి’ అన్న మాట వినగానే ఫోన్ బోర్లా పెట్టి ఒక టీ తాగి రండి.

2007లో ఎంతైనా ఇవ్వు, నీ ఇష్టం అని బ్యాండ్ అడిగితే సున్నా ఇచ్చినవాణ్ణి, ఇప్పుడు ఎవడో దొంగకి పదివేల ఆరువందల ఇరవై ఇచ్చాను అని మా ఇంజనీరింగ్ గ్రూపులో పెడితే, ఒకడు “వడ్డీతో సహా కట్టావురా, కాకపోతే వేరేవాడికి” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ రాత్రి వేస్ట్‌లోకి వెళ్ళి ఆ లైవ్ ఆల్బమ్ పూర్తి ధర పెట్టి కొన్నాను, ఈసారి కార్డుతో.

నిన్న సాయంత్రం మెట్రోలో ఉండగా అదే యాడ్ మళ్ళీ వచ్చింది. సైట్ పేరు మారింది, ధర 9,900కి దిగింది, ఎలుగుబంటి బొమ్మ ఎడమనుంచి కుడికి వెళ్ళింది. రిపోర్ట్ కొట్టాను, మీరూ కొట్టండి. పేరు ఈ వారంలో మళ్ళీ మారిపోవచ్చు, దాన్నిబట్టి గుర్తుపట్టలేరు. కార్పెట్ చూడండి. గోధుమరంగు, కుడి మూలన మచ్చ.