రాసీన్ కారే: స్ట్రోమే ఆల్బమ్‌పై సమీక్ష

రువాండా తండ్రికి, బెల్జియం తల్లికి పుట్టి బ్రస్సెల్స్‌లో పెరిగిన గాయకుడు స్ట్రోమే 2013లో వెలువరించిన ఈ ఫ్రెంచి ఆల్బమ్‌లో ఆఫ్రికా లయ పైపై అలంకారం కాదు. చాలా పాటలకు అదే పునాది. 'పపాఊతే'లో కాంగో రుంబా అనే నృత్య సంగీతాన్ని తలపించే గిటారు పలుకులు ఎలక్ట్రానిక్ దరువుతో పెనవేసుకుని సాగుతుండగా, నాన్న ఎక్కడున్నాడని ఒక పిల్లవాడు పదేపదే అడుగుతాడు. గాయకుడి తండ్రి 1994 నాటి రువాండా నరమేధంలో హతుడయ్యాడని తెలిసినవారికి ఆ ప్రశ్న మరింత బరువుగా వినిపిస్తుంది. అయినా పాట సానుభూతిని యాచించదు, వినేవారి కాళ్లను కదిలిస్తూనే ఉంటుంది. ఆల్బమ్ మొత్తంలో నాకు అత్యుత్తమంగా తోచినది ఇదే.

కేప్ వెర్దె గాయని సెసారియా ఎవోరాకు నివాళిగా కూర్చిన 'ఆవే సెసారియా'లో ఆత్మీయత ఉంది, అతిశయోక్తి లేదు. ఫ్రెంచి స్వరకర్త బిజే రాసిన ఒపేరా (సంగీత నాటకం)లోని హబనేరా అనే నృత్యలయ పాటను తీసుకుని ట్విట్టర్ వ్యామోహాన్ని ఎద్దేవా చేసే 'కార్మెన్' మాత్రం తెలివైన రచనే గాని, ఒకసారి విన్నాక వ్యంగ్యం పలచబడుతుంది. (ఆ హబనేరా లయ కూడా ఆఫ్రికా మూలాలున్న క్యూబా సంగీతం నుంచి యూరప్ చేరినదే.) 'మూల్ ఫ్రిత్' సరదాగా మొదలై సరదాగానే ముగుస్తుంది, అంతకుమించి మిగిల్చేదేమీ లేదు. తాగిన మైకంలో బతుకును తిట్టుకునే 'ఫోర్మిదాబ్ల్'లో వాద్యాలను వెనక్కి నెట్టి గొంతునే ముందుంచడం సాహసోపేతమైన నిర్ణయం.

ఫ్రెంచి రానివారు సాహిత్యానికి అనువాదాన్ని దగ్గర పెట్టుకుని, మంద్రస్వరాలు స్పష్టంగా పలికే హెడ్‌ఫోన్లతో వినడం మేలు.