సముద్రపు గాలికి సై, పడమటి గాలికి కాదు: మా చెరువు గట్టు గాలిమర

2022 సంక్రాంతికి ముందు నెల్లూరు జిల్లా తీరంలో మైపాడు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద ఈ చిన్న గాలిమర నిలబెట్టాను. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పే సత్తా దీనికి లేదు, ఆ ఆశతో కొననూ లేదు. కాపలా షెడ్డులో రెండు లైట్లు, కెమెరా, ఫోన్ల చార్జింగ్, అంతే. మొదటి వేసవిలో మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరిగిందంటే సన్నగా ఒకే శ్రుతిలో తిరుగుతుండేది. ఆ ముచ్చటలో పక్క చెరువుల వాళ్లు నలుగురి చేత కొనిపించాను. అప్పుడు చెప్పినదాంట్లో కొంత ఇప్పుడు సవరించుకోవాలి.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వస్తోందంటే ముందే స్తంభం దించి కట్టేశాం. ఏమీ కాలేదు. రెక్క విరిగింది 2024 జూన్‌లో, ఎండ కాస్తున్న మామూలు మధ్యాహ్నం. పడమటి గాలి విసురు విసురుగా కొడుతోంది. కాసేపు ఆకు కదలదు, అంతలోనే సరుగుడు తోట మీంచి రయ్యిన ఒక విసురు. ప్రతి విసురుకీ రెక్కలు బర్రుమనేవి. రెండేళ్లుగా ఆ చప్పుడు వింటూ బేరింగ్ అనుకుని గ్రీజు పెడుతూ వచ్చాను. ఆ రోజు ఒక రెక్క బోల్టులకు వేలెడు పైన ఫట్‌మని తెగి చెరువులో పడింది. మిగిలిన రెండింటితో స్తంభం ఊగిపోతోంది. "అన్నా, దగ్గరికి రాబాకండి!" అని కాపలా మనిషి కేక. షెడ్డులోకి ఉరికి బ్రేక్ స్విచ్ వేశాను.

ఏరోనాటికల్ చదువుతున్న మా మేనల్లుడు తెగిన మొదలు తిప్పి చూసి, "బేరింగ్ కాదు మామా, రెక్క స్టాల్ అవతా ఉంది" అన్నాడు. గాలి తాకే వాలు మరీ ఎక్కువై, రెక్కను అంటి పారాల్సిన గాలి విడిపోవడమే స్టాల్. కాగితం మీద లెక్క వేసి చూపించాడు. సెకనుకు 6 మీటర్ల గాలిలో రెక్క నడిమి భాగం 18 మీటర్ల వేగంతో తిరుగుతుంటే, గాలి దాన్ని సుమారు 18 డిగ్రీల వాలుతో తాకుతుంది. రెక్కకు మెలిక పెట్టేది దానికి తగ్గట్టే. విసురులో గాలి 12కి ఎగిరితే చక్రం అంత త్వరగా వేగం అందుకోలేదు, వాలు 34 డిగ్రీలకు పోతుంది. లిఫ్ట్, అంటే రెక్కను తిప్పే గాలి తోపు, అది కూడా వెంటనే పెరగదు. విసురులోకి దూరిన రెక్క తన వెడల్పంత దూరం పోయేసరికి, పెరగాల్సిన లిఫ్ట్‌లో సగం పైచిలుకే అందుకుంటుందని క్యూస్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1936లోనే లెక్కగట్టాడట. వెనక వదిలిన సుడులు దాన్ని అణుస్తుంటాయి. మా రెక్కకు ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు, దానితో బాధ లేదు. దెబ్బంతా ఆ తర్వాతే. వాలు మరీ పెరిగితే ముందు అంచున పెద్ద సుడి పుడుతుంది. అది రెక్క మీద ఉన్నంతసేపు లిఫ్ట్ మామూలు హద్దు దాటి పెరుగుతుంది, వెనక్కి జారిపోగానే ఒక్కసారిగా కూలుతుంది. రెక్క మొదలు రెండేళ్లు ఈ ఎక్కుదిగుళ్లనే మోసింది. నేను బేరింగ్ అనుకున్న బర్రు అదే.

అమ్మినవాళ్ల కాగితంలో తట్టుకునే గరిష్ఠ గాలి వేగం అని ఒక్క అంకె ఉంది, విసురు మాటే లేదు. నా కోపమంతా దాని మీదే. గాలిలో శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు. నిలకడగా సెకనుకు 6 మీటర్లు వీచే గాలి కంటే సగంసేపు 3, సగంసేపు 9 వీచే గాలిలో లెక్క ప్రకారం 1.75 రెట్లు శక్తి ఉండాలి. మా బ్యాటరీ మాత్రం జూన్ రాత్రుల్లోనే ముందు పడిపోయేది, అంటే ఆ శక్తి మా రెక్కకు దక్కలేదు.

మూడు రెక్కలూ కొత్తవి వేసి, స్తంభాన్ని తోటకు దూరంగా తూర్పు గట్టుకు మార్చాను. చెట్ల ఎత్తుకు ఇరవై రెట్ల దూరం దాకా గాలి చెదిరే ఉంటుందంటారు. మొన్న జూన్‌లో బర్రు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. పడమటి గాలి ముదిరిన పూట బ్రేక్ వేసేస్తాం. మాకు కరెంటు లైను ఉంది, స్విచ్ వేయడానికి రాత్రీ పగలూ మనిషి ఉన్నాడు కాబట్టి సాగుతోంది. తూర్పు తెరుచుకున్న తీరం చోటైతే కొనొచ్చనే అంటాను. ఊళ్లో మేడ మీద పెట్టేవాళ్లకు నేను చెప్పలేను. నేను కొనిపించిన నలుగురిలో ఇద్దరి స్తంభాలు ఇంకా తోట పక్కనే ఉన్నాయి. ఈ వేసవి లోపు జరిపించమని వాళ్ల వెంట పడుతున్నాను.