తిరుపతిలో రుయానా, స్విమ్సా?

రెండు ఆసుపత్రులూ అలిపిరి రోడ్డులోనే. బస్సు దిగి ఆటో ఎక్కగానే "రుయానా, స్విమ్సా?" అని అడుగుతారు.

రుయా ప్రభుత్వ పెద్దాసుపత్రి. 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధం. పాము కాటు, పురుగుల మందు, విడవని జ్వరం, యాక్సిడెంట్ కేసు, ఏదైనా సరే ఇక్కడికే తెస్తారు. చిత్తూరు, కడప, నెల్లూరు వైపు పల్లెల నుంచీ ఇక్కడికి వస్తారు. డబ్బు టెన్షన్ పెద్దగా ఉండదు. రద్దీ మాత్రం చెప్పక్కర్లేదు. వార్డులో ముందుగా పలకరించేది హౌస్ సర్జనో పీజీ డాక్టరో. కొందరికి అది నచ్చదు కానీ, ఒకే రోగిని ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా పరీక్షించడం నాకైతే మేలే అనిపిస్తుంది.

స్విమ్స్ దారి వేరు. టీటీడీ పెట్టిన ఈ సంస్థకు 1995లో యూనివర్సిటీ హోదా వచ్చింది. గుండె, కిడ్నీ, మెదడు జబ్బుల సూపర్ స్పెషాలిటీలు దీని బలం. ఓపీ దగ్గర పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు కుక్కిన సంచులతో వచ్చినవాళ్లే ఎక్కువ. అంటే, అప్పటికే ఎక్కడో చూపించుకుని వచ్చినవాళ్లు. ఇక్కడ ఫీజులుంటాయి, కార్పొరేట్ బిల్లులంత కావు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డుంటే వెంట తెచ్చుకోండి. పేదల వైద్యానికి టీటీడీ ప్రాణదాన ట్రస్టు కూడా ఉంది.

జబ్బేమిటో తేలనప్పుడు నేను రుయాకే వెళ్లమంటాను. డయాలసిస్, బైపాస్ అనే మాట వినపడ్డాక స్విమ్స్.