జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్ కిట్: ఏడాదిన్నర వాడాక స్టీరింగ్ గురించి

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. మారుతి జిమ్నీకి లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల సెట్, వేయించాలనుకునేవాళ్లు స్ప్రింగులు, షాక్‌ల ధర ఒక్కటే చూసి దిగకండి. కాస్టర్ (స్టీరింగ్‌ని మధ్యకి తెచ్చే వాలు) సరిచేసే బుష్‌లు (కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), పొడవు మార్చుకోగలిగే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా ఆపే కడ్డీ) మొదటి రోజు బిల్లులోనే ఉండాలి. అవి లేకుండా బయటికొచ్చిన బండి కొండ మీద బ్రహ్మాండంగా ఉంటుంది, హైవే మీద భయపెడుతుంది. నాది ఐదు డోర్ల జిమ్నీ. కిట్ పడి ఏడాదిన్నర దాటింది. ఉండేది రాజమండ్రిలో కాబట్టి మారేడుమిల్లి, గుడిస కొండల వైపు తరచూ వెళ్తుంటాను. పని మీద పదహారో నంబరు హైవే పట్టుకుని విశాఖ వెళ్లడమూ ఎక్కువే. రెండు రకాల వాడకమూ చూశాకే రాస్తున్నాను.

కిట్ కంపెనీ పేరు రాయడం లేదు. ఇది బ్రాండుకి సంబంధించిన గొడవ కాదు, జిమ్నీ ముందు యాక్సిల్ కట్టిన తీరులోనే ఉంది. ఎవరి స్ప్రింగ్ వేసి అంత ఎత్తు లేపినా ఇదే జరుగుతుంది.

మంచి సంగతులు ముందు. కంపెనీ నుంచి వచ్చిన జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 మి.మీ. ఐదు డోర్ల బండి వీల్‌బేస్ 2,590 మి.మీ., మూడు డోర్ల దానికన్నా 340 ఎక్కువ. అందుకే గుట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు పొట్ట తగలడం దీనికి పెద్ద సమస్య. కిట్ వేశాక అది దాదాపు పోయింది. గుడిస దారిలో వాన నీళ్లకి కోసుకుపోయిన చాళ్లలో ఇదివరకు కింద గీసుకునే చోట ఇప్పుడు చప్పుడు లేకుండా దాటేస్తోంది. కొత్త షాక్‌లు పొడవు ఎక్కువ కాబట్టి చక్రం బాగా కిందికి దిగి నేలని పట్టుకుంటోంది. రాళ్ల దారిలో ఇదివరకటి ఎగిరిపడటం లేదు, వెనక సీట్లో కూర్చున్నవాళ్లే ఆ మాటన్నారు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. స్ప్రింగులు మార్చితే పైకి లేచేది ఛాసిస్, బాడీ. డిఫరెన్షియల్ (చక్రాలకి బలం పంచే గేర్లు) ఉండే హౌసింగ్ ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే అది చక్రాలతో పాటే ఉంది. నడిమి రాయి హౌసింగ్‌కి తగిలే చోట ఈ కిట్ వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ పెద్ద టైరు ఒక్కటే ఉపయోగం. నేను 195/80 ఆర్15 నుంచి 215/75 ఆర్15 కి మారాను. టైరు ఎత్తు సుమారు సెంటీమీటరు పెరిగితే హౌసింగ్ అందులో సగమే లేచింది.

స్టీరింగ్ సంగతికొస్తే, తేడా బండి షాపు నుంచి ఇంటికి వచ్చేలోపే తెలిసిపోయింది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది మధ్యకి రావాలి. రాలేదు, చేత్తో తెచ్చి పెట్టాల్సి వచ్చింది. నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ వీలు ఒక పక్కకి ఒరిగి ఉంది. హైవే మీద ఎనభై దాటితే బండి ఒక గీత మీద నిలబడదు, కాస్త అటు, కాస్త ఇటు, ప్రతి క్షణం సవరిస్తూ ఉండాలి. పక్కనుంచి లారీ దాటితే ఆ గాలికే జరిగిపోయేది. తుని వచ్చేసరికి భుజాలు పట్టేసేవి. పిల్లలు బండిలో ఉన్నప్పుడు పడే టెన్షన్ వేరే చెప్పనక్కర్లేదు.

కిట్ బిగించిన షాపులో అడిగితే, "లిఫ్ట్ అన్నాక ఇది మామూలే సార్, అలైన్‌మెంట్ కొట్టిస్తే సెట్టయిపోద్ది" అన్నారు. కొట్టించాను. కంప్యూటర్ ప్రింటులో టో (ముందు చక్రాలు ఒకదానికొకటి ఎంత నేరుగా ఉన్నాయో చెప్పే కొలత) పచ్చగా ఉంది, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే వాలు) పచ్చగా ఉంది, కాస్టర్ మాత్రం రెండు వైపులా ఎర్రగా ఉంది. సుమారు అర డిగ్రీ. "కాస్టర్‌కి ఈ బండిలో అడ్జస్ట్‌మెంట్ లేదు సార్" అని చెప్పి ఆ కుర్రాడు ప్రింటు చేతిలో పెట్టాడు. అతను చెప్పింది నిజమే. రిజిడ్ యాక్సిల్ బండికి, అంటే రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకి ఉండే బండికి, మామూలు అలైన్‌మెంట్ షాపులో మార్చగలిగేది టో ఒక్కటే. లిఫ్ట్ వల్ల పెద్దగా చెడనిది కూడా టోనే, ఎందుకంటే టై రాడ్ రెండు చక్రాల మధ్య యాక్సిల్‌తోనే ఉంటుంది, ఛాసిస్ లేచినా దాని పొడవు మారదు. అంటే చెడనిదాన్ని మళ్లీ సరిచేసి, చెడినదాన్ని అలాగే వదిలేసి డబ్బులు తీసుకుంటారు. నాకు కోపం వచ్చింది ఆ కుర్రాడి మీద కాదు, వేల రూపాయల కిట్ అమ్మి ఈ ముక్క చెప్పని షాపు మీద.

అసలు జరిగేది ఇది. జిమ్నీ ముందు యాక్సిల్‌ని రెండు పొడవాటి ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. ఒక్కో ఆర్మ్ వెనక కొస ఛాసిస్‌కి ఒక బుష్‌తో, ముందు కొస యాక్సిల్‌కి రెండు బుష్‌లతో బిగించి ఉంటుంది. ఛాసిస్ పైకి లేస్తే ఆర్మ్ ముందు కొస కిందికి వాలుతుంది, దానితో పాటు యాక్సిల్ మొత్తం ముందుకి తిరుగుతుంది. చక్రం ఏ ఇరుసు మీద కుడిఎడమలకి తిరుగుతుందో ఆ కింగ్‌పిన్ పై భాగం కొంచెం వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలే కాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం చూసే ఉంటారు, చేతులు వదిలినా సైకిల్ నేరుగా పోవడంలో ఆ వాలుకీ పాత్ర ఉంది. వాలు తగ్గితే స్టీరింగ్‌కి మధ్యకి రావాలన్న బలం పోతుంది. రెండు అంగుళాల లిఫ్ట్‌కి నా బండిలో పోయింది దాదాపు రెండు డిగ్రీలు.

దీనికి తోడు ఎత్తు కూడా చెప్పినంతే రాదు. కిట్ పెట్టె మీద యాభై మి.మీ. అని ఉంటుంది, కానీ చాలా స్ప్రింగులు బుల్ బార్ (ముందు బిగించే ఇనుప కమ్మీ), వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు) బరువు లెక్కేసి చేసినవి. ముందు ఏ బరువూ లేని నా బండి యాభై కన్నా ఎక్కువే లేచింది. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కిట్‌కి ముందు, తర్వాత కొలిచి రాసి పెట్టుకోండి. ఎంత కాస్టర్ వెనక్కి తేవాలో ఆ అంకె మీద ఆధారపడుతుంది.

చివరికి పాత జీపులు, జిప్సీలు చేసే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ప్రింటు చూడలేదు. బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్లి మలుపులో స్టీరింగ్ వదిలి చూశాడు. "బాబూ, హౌసింగ్ ముందుకి తిరిగిపోయింది, బుష్ మార్చాలి" అన్నాడు. జిప్సీకైతే లీఫ్ స్ప్రింగుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ఇనుప ముక్క పెట్టి సరిచేసేవాళ్లట. జిమ్నీకి ఆ వీలు లేదు కాబట్టి రంధ్రం పక్కకి జరిగి ఉండే కాస్టర్ బుష్‌లు తెప్పించాం.

ఆ పని దగ్గరుండి చూశాను. ఆర్మ్‌లు విప్పి లేత్ షాపుకి తీసుకెళ్లాం. హైడ్రాలిక్ ప్రెస్ కింద పాత బుష్ కొంచెం కొంచెంగా జరిగి, ఒక్కసారిగా ఇనుప చప్పుడుతో ఊడి కింద పడింది. కొత్త బుష్‌లో బోల్టు రంధ్రం నట్టనడుమ ఉండదు. ముందు బుష్‌లో జరుగుడు ఒక దిక్కున ఉంటే, వెనక బుష్‌లో దానికి ఎదురు దిక్కున ఉండాలి. అప్పుడే యాక్సిల్ వెనక్కి తిరుగుతుంది. తిరగేసి కొడితే ఉన్న కాస్టర్ కూడా పోతుంది. మేస్త్రీ ఆర్మ్ మీద, బుష్ అంచు మీద తెల్ల మార్కర్‌తో గీత గీసి, రెండూ కలిసేలా పెట్టి ప్రెస్ చేయించాడు. ఒకటి లోపలికి పోతూ వెంట్రుకవాసి తిరిగితే వెనక్కి తీయించి మళ్లీ కొట్టించాడు. లేత్ కుర్రాడు విసుక్కున్నా ఊరుకోలేదు. ఆఖరి బిగింపు కూడా జాకీ మీద చేయలేదు. నాలుగు చక్రాలు నేల మీద పెట్టి, బండి బరువు పడ్డాకే టార్క్ రెంచ్ వేశాడు. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.

రబ్బరు బుష్‌లే తీసుకున్నాను. పాలీయురేథేన్ ఎక్కువ కాలం మన్నుతుందని అమ్ముతారు, కానీ ఈ ఆర్మ్‌లలో బుష్ మెత్తగా మెలితిరిగితేనే ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోగలవు. ఆ కదలిక కోసమే కిట్ వేసి, గట్టి బుష్‌తో దాన్ని ఆపేయడం నాకు నచ్చలేదు. మళ్లీ ప్రింటు తీస్తే కాస్టర్ రెండున్నర డిగ్రీల దగ్గరికి వచ్చింది. ఇంటికొచ్చే దారిలోనే మలుపు దాటాక స్టీరింగ్ అరచేతుల్లోంచి జారుతూ మధ్యకి వచ్చేసింది.

పాన్‌హార్డ్ రాడ్ సంగతి ఇంకోటి. ఇది యాక్సిల్ పక్కలకి జరగకుండా ఆపే అడ్డకడ్డీ. ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస యాక్సిల్‌కి ఉంటుంది. బండి లేస్తే రాడ్ వాలు పెరిగి యాక్సిల్‌ని ఒక పక్కకి లాగేస్తుంది. ఫెండర్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి రెండు వైపులా వేలాడదీసి చూస్తే తెలిసిపోతుంది. నా బండిలో ముందు యాక్సిల్ దాదాపు సెంటీమీటరు జరిగింది. పొడవు మార్చే రాడ్‌తో మధ్యకి తెచ్చాం. దీని బదులు పాన్‌హార్డ్ కొసని కిందికి దించే బ్రాకెట్ ఒకటి చవగ్గా దొరుకుతుంది. దాని జోలికి పోవద్దనే చెప్తాను. స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రెండూ దాదాపు సమాంతరంగా ఉంటేనే గుంటలో పడ్డప్పుడు స్టీరింగ్ దానంతటది తిరగదు. ఒక్కదాన్నే దించితే ఆ పొందిక పోయి ప్రతి గుంటకీ స్టీరింగ్ కుదుపు చేతికి తగులుతుంది.

ఒరిగిన స్టీరింగ్ వీలు నిటారుగా రావాలంటే సరిచేయాల్సింది ఆ డ్రాగ్ లింక్ పొడవునే. ఇది గట్టిగా చెప్పాలి. చాలా అలైన్‌మెంట్ షాపుల్లో స్టీరింగ్ వీలు ఊడదీసి పళ్లు మార్చి నిటారుగా బిగించేస్తారు. చూడటానికి సరిగ్గానే ఉంటుంది. కానీ కాలమ్ లోపల స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసే సెన్సర్ ఉంటుంది, ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) దాన్నే నమ్ముతుంది. బండి నేరుగా పోతున్నా తిరిగినట్టు సెన్సర్ చెబితే డాష్ మీద లైటు వెలగొచ్చు, తడి రోడ్డు మీద అవసరం లేని చోట బ్రేకు పడొచ్చు. నాకు కూడా ఊడదీస్తామన్నారు, వద్దన్నాను. డ్రాగ్ లింక్ లాక్ నట్టు వదులు చేసి కాస్త కాస్త తిప్పి మధ్యకి తెచ్చాం. తర్వాత స్కానర్ పెట్టి సెన్సర్ సున్నా చేయించాం.

ఇంత చేశాక చాలా నెలలు హాయిగా నడిచింది. తర్వాత ఒక వానాకాలం చివర్లో, డెబ్బై దగ్గర వంతెన జాయింట్ దాటగానే స్టీరింగ్ గడగడా కొట్టుకోవడం మొదలైంది. వేగం బాగా తగ్గిస్తే గానీ ఆగలేదు. రిజిడ్ యాక్సిల్ బండ్లకి ఈ వణుకు తెలిసిన జబ్బే. దీనికి అందరూ ఇచ్చే సలహా గట్టి స్టీరింగ్ డ్యాంపర్ వేయమని. డ్యాంపర్ వణుకుని అణిచి పెడుతుంది, కారణాన్ని తీసేయదు. మేస్త్రీ వరసగా చూసుకుంటూ పోయాడు: ముందు టైర్ల బ్యాలెన్సింగ్, తర్వాత ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ ఆడిస్తుంటే కింద పాన్‌హార్డ్ బుష్‌లు, ఆపైన హబ్ బేరింగులు, చివరికి కింగ్‌పిన్ బేరింగులు. పాన్‌హార్డ్ యాక్సిల్ వైపు బోల్టు కాస్త వదులైంది. కింగ్‌పిన్ బేరింగుల బిగువు కూడా తగ్గింది. రెండూ సరిచేశాక వణుకు పోయింది, కంపెనీ డ్యాంపర్ ఇప్పటికీ అదే. బరువైన ఆల్ టెర్రైన్ టైర్లు వేస్తే కింగ్‌పిన్ మీద భారం పెరుగుతుంది కాబట్టి ఇది మళ్లీ వస్తుందనే అనుకుంటున్నాను. ప్రతి సర్వీసులోనూ ఆ బోల్టుకి రెంచ్ పెట్టిస్తున్నాను.

థార్ ఉన్నవాళ్లు ఇదంతా యథాతథంగా తీసుకోకండి. 2020 నుంచి వస్తున్న థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడివిడిగా కదిలేది. అక్కడ ఎత్తు పెంచితే క్యాంబర్, టో కూడా మారతాయి, బాల్ జాయింట్ల మీద, చక్రాలకి వెళ్లే షాఫ్ట్‌ల కోణం మీద భారం పడుతుంది. దాని లెక్క వేరు.

చట్టం సంగతి కూడా కిట్ కొనేముందే చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వారంటీ, ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర ఈ ప్రశ్న రావచ్చు.

ఇప్పటికీ పూర్తిగా పోనిది ఒకటుంది. కాస్టర్ కోసం యాక్సిల్‌ని వెనక్కి తిప్పితే, ముందు యాక్సిల్‌కి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే పినియన్ మూతి కిందికి దిగుతుంది, అక్కడి జాయింట్ కోణం పెరుగుతుంది. మామూలు 2హెచ్ లో, అంటే వెనక చక్రాలకే బలం వెళ్లేటప్పుడు, ముందు హబ్‌లు విడిపోయి ఆ షాఫ్ట్ తిరగదు కాబట్టి ఏమీ తెలియదు. నాలుగు చక్రాలకీ బలం వెళ్లే 4హెచ్ లో అరవై దాటితే కాళ్ల కింద సన్నటి వణుకు వస్తోంది. ఇంకో డిగ్రీ కాస్టర్ తెచ్చే బుష్‌లు కూడా ఉన్నాయి గానీ, ఈ వణుకు పెరుగుతుందని వాటి జోలికి పోలేదు. ఘాట్ దారిలో 4హెచ్ లో నేను అరవై దాటే అవసరం రాదు, అందుకని ప్రస్తుతానికి ఇలాగే ఉంచేశాను.