గినీ పిగ్‌కి స్నానమా, తడిగుడ్డ చాలా?

గినీ పిగ్‌ని తెచ్చుకున్న కొద్ది రోజులకే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, వాసన వస్తోంది, దీనికి స్నానం చేయించండి అని. వెంటనే బకెట్ దగ్గరికి వెళ్లకండి. ముందు పంజరం వాసన చూడండి. చాలాసార్లు వాసన వచ్చేది పంజరం అడుగున పరిచిన, మూత్రంతో తడిసిన పరుపు నుంచే. తడిసిన చోట రోజూ తీసేసి, వారానికొకసారి మొత్తం మార్చి పొడిగా ఉంచితే స్నానం మాటే రాదు. ఆరోగ్యంగా ఉన్న పొట్టి బొచ్చు గినీ పిగ్ తన ఒళ్లు తనే శుభ్రం చేసుకుంటుంది.

మరి నిజంగానే ఒంటికి మురికి అంటితే? తడిగుడ్డతో తుడవడం, వెనక భాగం మాత్రం కడగడం, ఒళ్లంతా తడిపే స్నానం, ఈ మూడింట్లో ఏది మేలో మురికి ఎక్కడ, ఎంత అంటిందో చూసి తేల్చుకోవాలి.

కాళ్లకో పొట్టకో కాస్త మురికి అంటితే తడిగుడ్డ చాలు. మెత్తని నూలుగుడ్డని గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండి, బొచ్చు వాలిన వైపే తుడవాలి. గినీ పిగ్ మీ ఒళ్లోనే ఉంటుంది కాబట్టి దానికి టెన్షన్ తక్కువ, త్వరగా ఆరిపోతుంది కూడా. అయితే ఎండి గట్టిపడిన పెంట గుడ్డకి లొంగదు. లాగితే చర్మం చిట్లుతుంది.

అలాంటప్పుడు వెనక భాగం మాత్రం కడగాలి. నా ఓటు ఎక్కువగా దీనికే, ఎందుకంటే మురికి పట్టేది దాదాపు ఎప్పుడూ అక్కడే. వెడల్పాటి బేసిన్ అడుగున మడతపెట్టిన తువ్వాలు పరవండి, కాళ్లు జారకుండా. నీళ్లు అంగుళం, అంగుళంన్నర చాలు. మణికట్టు మీద పోసుకుంటే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. ఒక చెయ్యి ఛాతీ కింద పెట్టి, ముందు కాళ్లు బేసిన్ అంచుమీద ఆనేలా పట్టుకోండి. రెండో చేత్తో చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా పోస్తూ నాననివ్వండి. మెత్తబడ్డాక అదే ఊడివస్తుంది. తల, చెవులు, వీపు తడవవు, అదే ఈ పద్ధతిలో పెద్ద మేలు.

మగవాటిలో మరో పని ఉంటుంది. వీటికి బయటికి కనిపించే తోక ఉండదు. తోక ఉండాల్సిన చోటికి కాస్త పైన జిడ్డు గ్రంథి ఉంటుంది. అది ఎక్కువగా స్రవిస్తే అక్కడి బొచ్చు అట్టకట్టి జిగురుగా అవుతుంది. షాంపూ ఒక్కటే వేస్తే పోదు. ముందు రెండు మూడు చుక్కల కొబ్బరినూనె రాసి, ఐదు నిమిషాలాగి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత కాస్త షాంపూతో ఆ ఒక్క చోటే కడిగితే జిడ్డు వదులుతుంది. గోటితో మాత్రం గీకకండి.

ఒళ్లంతా తడిపే స్నానం వేరే దారి లేనప్పుడే. మూత్రంలో పొర్లి బొచ్చంతా కంపు కొడుతున్నప్పుడు, ఏదైనా ఒలికి ఒళ్లంతా అంటుకున్నప్పుడు, డాక్టర్ మందు షాంపూ రాసినప్పుడు తప్పదు. ఊరికే చేయిస్తే మాత్రం నష్టమే ఎక్కువ. తడి బొచ్చుతో ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, చర్మంలోని సహజమైన నూనె పోతుంది, చెవుల్లోకి నీళ్లు వెళ్లొచ్చు, పైగా అది బెదిరిపోతుంది. కడుపుతో ఉన్నవాటికి, జబ్బుగా ఉన్నవాటికి డాక్టర్ చెప్పకుండా వద్దే వద్దు. పెరూవియన్, షెల్టీ లాంటి పొడుగు బొచ్చువాటికి కూడా మాటిమాటికీ స్నానం కన్నా రోజూ దువ్వి, వెనకవైపు నేలకి తగిలే బొచ్చు కత్తిరించడం ఎంతో నయం.

మన వేసవిలో చల్లబరుద్దామని నీళ్లలో దించేవాళ్లు ఉన్నారు. గినీ పిగ్‌కి వేడి పడదన్నది నిజమే, ఒళ్లు చల్లబరుచుకునేలా దానికి చెమట పట్టదు. కానీ ఒక్కసారిగా చన్నీళ్లలో ముంచితే ఆ షాక్ ప్రమాదం. నీడపట్టున చల్లని గది, గుడ్డ చుట్టిన ఐస్ బాటిల్, కూర్చోవడానికి ఒక టైల్స్ పలక మంచివి.

షాంపూ విషయంలో, చిన్న జంతువుల కోసం చేసిన వాసన లేని రకం దొరికితే సరే, లేకపోతే ఉత్త నీళ్లే మేలు. కుక్కల పేల షాంపూ వాడొద్దు. కుంకుడు రసం సహజమైనదే అయినా కంట్లో పడితే ఎంత మండుతుందో మనకి తెలుసు, వీటి కళ్లు ఇంకా సున్నితం. పిల్లలకి పట్టినట్టు సాంబ్రాణి పొగ కూడా వద్దు, వీటి ఊపిరితిత్తులు పొగకి తట్టుకోలేవు. చించిల్లాల (దట్టమైన బొచ్చుండే మరో చిన్న పెంపుడు జంతువు) కోసం అమ్మే ధూళి స్నానం పొడిదీ అదే సంగతి. అది గినీ పిగ్‌ల ముక్కుల్లోకి, కళ్లల్లోకి చేరి బాధ పెడుతుంది.

దురదతో పదేపదే గోక్కుంటున్నా, బొచ్చు రాలి పొలుసులు కనిపిస్తున్నా స్నానంతో తగ్గదు. అది గజ్జి పురుగు కావచ్చు, తామర కావచ్చు. తామర మనుషులకీ అంటుకుంటుంది, కాబట్టి పిల్లల చేతికివ్వకుండా డాక్టర్‌కి చూపించండి. వెనక భాగం మళ్లీమళ్లీ తడిగా, పెంటతో ఉన్నా అంతే. ముసలి మగవాటికి ఆ భాగంలో పెంట గడ్డకట్టుకుపోతుంది, విరేచనాలైతే ప్రాణం మీదికి వస్తుంది. వానాకాలంలో ఈగలు అక్కడ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పట్టేస్తాయి.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఆరబెట్టడంలో తొందరపడకండి. రెండు మూడు పొడి తువ్వాళ్లు మార్చి మార్చి ఒత్తి, పొట్ట కిందా చంకల్లో చేత్తో తడిమి చూడండి. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, పూర్తిగా ఆరాకే జోడీ దగ్గర వదలండి. ఆ తర్వాత గంటా రెండు గంటలైనా ఎండుగడ్డి ముట్టకుండా మూలన ముడుచుకున్నా, ముక్కు కారుతున్నా, ఊపిరి శబ్దంగా వస్తున్నా రేపటిదాకా ఆగకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.