పైథాన్ ఫంక్షన్ నుంచి ఒకటికి మించిన విలువలు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఎనిమిదేళ్లుగా నేను సంఖ్యల పట్టికలను శుభ్రపరిచే ప్రోగ్రాములను పైథాన్‌లో రాస్తున్నాను. ఒకే ఫంక్షన్ నుంచి రెండు మూడు విలువలను ఒకేసారి తిరిగి ఇచ్చే సౌకర్యాన్ని ఈ కాలంలో దాదాపు ప్రతిరోజూ వాడాను. రిటర్న్ పక్కన విలువలను కామాలతో వేరుచేసి రాసి, ఫంక్షన్‌ను పిలిచిన చోట అదే వరుసలో వేర్వేరు పేర్లలోకి తీసుకుంటే సరిపోతుంది. నిజానికి తిరిగి వచ్చేది ఒకే ఒక్క టపుల్, అంటే వరుసలో కట్టిన విలువల మూట. దాన్ని టపుల్‌గా మార్చేది బ్రాకెట్లు కాదు, కామా. ఈ సంగతి స్పష్టంగా తెలియని రోజుల్లో, ఒక విలువ వెనుక పొరపాటున మిగిలిపోయిన కామా వల్ల సంఖ్య రావలసిన చోట ఒకే అంశం గల టపుల్ వచ్చి, కారణం దొరికేసరికి నాకు ఒక పూట పట్టింది.

విలువల వరుస సహజంగానే స్థిరపడి ఉన్న చోట ఈ పద్ధతికి సాటి లేదు. పైథాన్‌లోనే ఉన్న డివ్‌మాడ్ అనే భాగహార ఫంక్షన్‌కు 17, 5 ఇస్తే భాగఫలం 3, శేషం 2 వస్తాయి. ముందు భాగఫలం, తర్వాత శేషం అని ఎవరికీ విడిగా చెప్పనక్కరలేదు.

నాకు అసలైన నష్టం కలిగించినది వరుస మీద ఆధారపడటమే. సగటును, మధ్యగతాన్ని కలిపి ఇచ్చే ఒక ఫంక్షన్‌ను నేనే రాసి, కొన్ని వారాల తర్వాత మరో ఫైలులో వాటిని తారుమారుగా తీసుకున్నాను. రెండూ సంఖ్యలే, పైగా మా పట్టికల్లో అవి దగ్గరదగ్గరగా ఉండేవి కనుక, ఏ ఎర్రరూ రాకుండా తప్పు నివేదికలు నెలల తరబడి వెళ్లాయి. విలువల సంఖ్య సరిపోకపోతే పైథాన్ వెంటనే వ్యాల్యూఎర్రర్ ఇస్తుంది గాని, వరుస తప్పితే దానికి తెలిసే దారి లేదు. పని జరిగిందో లేదో ట్రూ లేదా ఫాల్స్‌గా చెప్పే విజయ సూచికను, సందేశాన్ని జతగా ఇచ్చే ఫంక్షన్‌ను నేరుగా ఇఫ్ షరతులో పెట్టినప్పుడూ ఇలాంటి ప్రమాదమే ఉంది: లోపల ఫాల్స్ ఉన్నా, ఖాళీ కాని టపుల్ ఎప్పుడూ ట్రూగానే లెక్కకు వస్తుంది.

అందువల్ల ఇప్పుడు మూడు దాటితే, లేదా రెండే అయినా ఒకే రకం విలువలైతే, పేర్లు లేకుండా ఇవ్వను. కొత్తగా రాసేటప్పుడు ప్రతి విలువకూ ఒక పేరు పెట్టి దాచే, పైథాన్ 3.7 వెర్షన్‌తో వచ్చిన డేటాక్లాస్‌నే ఎంచుకుంటాను. దాన్ని టపుల్‌లా వరుసను బట్టి వేర్వేరు పేర్లలోకి విడదీయడం కుదరకపోవడమే నా దృష్టిలో దాని గొప్ప గుణం, ఎందుకంటే ప్రతి విలువనూ పేరుతోనే అడగాలి. పాత కోడ్‌లో మాత్రం 2.6 వెర్షన్ నుంచి ఉన్న నేమ్డ్‌టపుల్‌తో, అంటే అంశాలకు పేర్లు కూడా ఉన్న టపుల్‌తో, మార్పు మొదలుపెడతాను. అదీ టపులే కనుక ఫంక్షన్‌ను పిలిచే పాత వాక్యాలన్నీ అలాగే పనిచేస్తాయి, నేను ఒక్కొక్క ఫైలునే తెరిచి వాటిని పేర్లకు మార్చుకుంటూ పోవచ్చు. ఆ పని పూర్తయ్యేదాకా కొత్త అంశాన్ని మాత్రం చేర్చను. చేర్చితే మిగిలిన పాత విడదీతలన్నీ ఆగిపోతాయి.