నల్లాకు పూలపొద: లోరోపెటలమా, చైనా గోరింటా?

మా వీధి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్న అనంతపురం అమ్మాయి పోయిన ఆదివారం మా గేటు దగ్గర ఆగింది. "అక్కా, మాదీ థర్టీ ఫార్టీ అడుగుల సైటే. కాంపౌండు గోడకీ కారుకీ మధ్య మూడడుగుల మట్టి వదిలించాను. మీ ఇంట్లో ఉన్నట్టు నల్లాకుల పూలమొక్క పెట్టుకోవాలనుంది. లోరోపెటలం తెచ్చుకుందామనుకుంటే నర్సరీ అతను నల్లాకుల చైనా గోరింట తీసుకోమంటున్నాడు. ఏది తేను?"

"మీకు కావేరి నీళ్ళొస్తాయా, బోరు నీళ్ళా?" అన్నాను. మొక్క సంగతి అడిగితే ఈవిడ నీళ్ళ సంగతి అడుగుతుందేమిటన్నట్టు చూసింది. అప్పుడు నిలబడి చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను. బెంగళూరులో చిన్న జాగాలో మొక్కలు పెంచుకునే మరికొందరికీ పనికొస్తుంది.

చిన్న జాగాలో పువ్వుకన్నా ఆకు ముఖ్యం. పూలు ఏడాదిలో రెండు మూడు నెలలుంటే గొప్ప. ఆకు మాత్రం రోజూ కళ్ళెదుటే ఉంటుంది. వంకాయ రంగు ఆకుల పొద ఒక్కటి క్రీం రంగు గోడ ముందు ఉందంటే, దాని పక్కన ఏ పచ్చటి మొక్క పెట్టినా ఆ పచ్చదనం రెట్టింపై కనిపిస్తుంది. అదే పొదను నల్లరాతి టైల్సు గోడ ముందు పెడితే సాయంత్రం ఆరింటికి అసలు కనపడదు. కొనే ముందు గోడ రంగు చూసుకోండి.

ఆ నలుపు ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం వల్ల వస్తుంది. నేరేడు పండులో, వంకాయ తొక్కలో ఉండేదీ అదే. ఆకులో పచ్చదనం లోపల ఉంటూనే ఉంటుంది, పైన ఈ రంగు కప్పేస్తుంది. ఎండ బాగా తగిలినప్పుడు, రాత్రిళ్ళు చల్లగా ఉన్నప్పుడు ఆకు ఈ రంగును ఎక్కువ చేసుకుంటుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు ఇందుకు బాగా కలిసొస్తాయి. నీడలో పెడితే మాత్రం చాలా నల్లాకులు నెలా రెండు నెలల్లో పాచి రంగుకు తిరుగుతాయి. మా వదిన యలహంకలో ఉత్తరం వైపు బాల్కనీలో పెట్టిన లోరోపెటలం అలాగే అయింది. "నీకు నల్లది ఇచ్చి నాకు పచ్చది అంటగట్టారు" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. రెండు మొక్కలూ ఒకేరోజు ఒకే చోట కొన్నాం.

ఉత్తరం వైపు గురించి ఒక మాట. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, మిగతా నెలల్లో దక్షిణంగా. అందుకని మే నెలలో చూసి "ఇక్కడ ఎండ బాగా పడుతోంది" అనుకున్న ఉత్తరపు గోడ, డిసెంబరులో ఇంటి నీడలోకి వెళ్ళిపోతుంది. లోరోపెటలం మొగ్గ తొడిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇక లోరోపెటలం. నాకు దీనంటే ఇష్టం, ముందే చెప్పేస్తున్నాను. చైనా, జపాన్ ప్రాంతాల మొక్క. గ్రీకులో లోరాన్ అంటే తోలు పట్టీ, పెటలాన్ అంటే రేక. పువ్వును చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. ఒక్కో పువ్వుకు నాలుగే రేకులు, కాగితం సన్నగా కత్తిరించినట్టు పొడుగ్గా, కొసలు కాస్త మెలితిరిగి ఉంటాయి. అలాంటివి నాలుగైదు గుత్తిగా పూసేసరికి గులాబీ రంగు దారాల కుచ్చులా ఉంటుంది. ఎండాకాలం ముందు కొమ్మ కొమ్మకూ ఈ కుచ్చులు వచ్చినప్పుడు కింద ముదురు ఆకు, పైన ఆ గులాబీ రంగు! మా ఇంటికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పడం మరిచిపోయి అక్కడే నిలబడిపోతారు. ఏడాదంతా ఆకు రాల్చదు. పొట్టి రకాలు దొరికితే రెండడుగుల ఎత్తు దాటవు, కానీ పక్కలకు నాలుగడుగుల దాకా పాకుతాయి. మూడడుగుల మట్టిలో పెట్టేవాళ్ళు ఆ వెడల్పు లెక్కేసుకోవాలి.

దీనితో చిక్కంతా నీళ్ళే. లోరోపెటలానికి కాస్త పులుపు ఉన్న నేల కావాలి, పీహెచ్ ఆరు, ఆరున్నర లోపు. మన ఎర్రమట్టి దానికి పెద్దగా అడ్డు కాదు. బోరు నీళ్ళే అడ్డు. బకెట్టు అంచున తెల్లగా పొరలు కట్టే నీళ్ళు ఏడాదిపాటు పోస్తే మట్టి క్షారం వైపు వెళ్ళిపోతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఎంత ఉన్నా వేరు తీసుకోలేదు. చిగుళ్ళు వెలిసిపోయిన రంగులో వస్తాయి, ఈనెలు మాత్రం ముదురుగా గీసినట్టు ఉంటాయి. ముదురాకు బాగుండి లేతాకు పాలిపోయిందంటే ఇనుము అందడం లేదని అర్థం. నత్రజని లోపమైతే ఇందుకు తిరగబడి ముదురాకు ముందు పాలిపోతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఇంకో గుప్పెడు యూరియా వేస్తారు.

నేను మొదట ఫిల్టర్ కాఫీ పిప్పి వేశాను. అందరూ పులుపు అంటారు కదా అని. కానీ ఆ పులుపంతా డికాక్షన్‌లోకి దిగిపోతుంది, మిగిలిన పిప్పి దాదాపు తటస్థమే. కంపోస్టులో కలపడానికి మంచిది, అంతకుమించి ఆశపెట్టుకోవద్దు. మొక్కను నిలబెట్టింది వాననీళ్ళు. మేడ మీది నీళ్ళు సంపులోకి దిగే పైపు నుంచి ఒక డ్రమ్ములోకి పట్టి, లోరోపెటలానికి అవే పోస్తాను. డ్రమ్ము అయిపోతే కావేరి నీళ్ళు. ఏడాదికి రెండుసార్లు ఇనుము చీలేటు, అంటే వేరు తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము మందు. అందులోనూ ఈడీటీఏ రకం క్షారపు మట్టిలో తొందరగా చెడిపోతుంది, ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నది అడగండి.

రెండోది కత్తెర. ఈ మొక్క పాత కొమ్మ మీదే పూస్తుంది. ఒక డిసెంబరులో నేను ఊరెళ్ళినప్పుడు మాలి వచ్చి పొదను చక్కగా గుండ్రంగా కత్తిరించి వెళ్ళాడు. పండక్కి ఇల్లు శుభ్రంగా ఉండాలని పాపం అతని ఆలోచన. రాబోయే పూలన్నీ ఆ కత్తెరకే పోయాయి, ఆ ఏడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పూలు. కత్తిరించాలంటే పూత అయిపోయిన వెంటనే, ఏప్రిల్‌లోపు.

చైనా గోరింట గుణం ఇందుకు పూర్తిగా వేరు. ఇది మన చేతికి పెట్టుకునే గోరింట కుటుంబానిదే. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి 1759లో తన స్నేహితుడు మాగ్నస్ లాగర్‌స్ట్రోమ్ పేరు మీద లాగర్‌స్ట్రోమియా అని పేరు పెట్టాడు. పచ్చాకు రకాలు మన పార్కుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కాఫీ డికాక్షన్ రంగు ఆకులవి అమెరికాలో తయారైన కొత్త రకాలు. ఎరుపు, తెలుపు, గులాబీ పూలు, నలిపి విప్పిన క్రేప్ గుడ్డలా ముడతల రేకులు. అంత ముదురు ఆకు మీద ఎర్రపువ్వు బాగుంటుంది గానీ, నా కంటికి తెల్లపువ్వు ఇంకా బాగుంటుంది.

బోరు నీళ్ళను ఇది లోరోపెటలం కన్నా చాలా ఓర్చుకుంటుంది. కత్తెరకూ భయపడదు. కొత్త కొమ్మ మీద పూస్తుంది కాబట్టి జనవరి చివర కత్తిరించినా పూత పోదు. వదిలేస్తే ఎనిమిది పది అడుగులు పోతుంది, ఏటా కత్తిరిస్తే నాలుగైదు అడుగుల్లో ఉంచుకోవచ్చు. కానీ రోజూ ఆరు గంటల ఎండ లేకపోతే దీన్ని తేవద్దు. ఎండ, గాలి చాలని చోట చల్లకాలం రాగానే ఆకుల మీద విభూతి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. నల్లాకు మీద అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ దిగాక కొడితే తగ్గుతుంది. ఇంకో సంగతి, చలికాలంలో ఆకంతా రాల్చి నెలా నెలన్నర మోడుగా ఉంటుంది. గేటు ఎదురుగా సంక్రాంతికి మోడు చూడటం ఇష్టం లేనివాళ్ళు ముందే ఆలోచించుకోవాలి.

నీడ ఉన్న ఇళ్ళకు ఈ రెండూ వద్దు. సూడరాంథిమం అనే పొదలో ముదురు ఊదా ఆకుల రకం తెచ్చుకోండి. తెల్లటి చిన్న పూలు, మధ్యలో కుంకుమ చుక్కలు. రెండు మూడు గంటల ఎండకే రంగు నిలుపుకుంటుంది. కొమ్మ విరిచి తడిమట్టిలో గుచ్చితే వేళ్ళు పోస్తుంది.

నర్సరీలో ఎర్రనల్లటి ఆకులతో చవగ్గా దొరికే యుఫోర్బియా కోటినిఫోలియాను మాత్రం పిల్లలున్న ఇంట్లో పెట్టకండి. కొమ్మ తుంపితే కారే పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఏది కొన్నా వేళ్ళ దగ్గరి మట్టి చూడండి. బెంగళూరు నర్సరీలకు మా కడియం వైపు నుంచి చాలా మొక్కలు లారీల్లో వస్తాయి. గోదావరి ఒండ్రుమట్టి ముద్ద దారి పొడుగునా తడి పట్టుకుని మొక్కను బతికిస్తుంది. అదే ముద్దను అలాగే ఎర్రమట్టిలో పెడితే ఒకసారి ఎండిందంటే ఇటుకైపోతుంది. నీళ్ళు చుట్టుపక్కల నుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. పైన మట్టి తడిగానే ఉంటుంది కనుక మనకు తెలియదు. నేను కవరు చింపి, ముద్దను అరగంట బకెట్టు నీళ్ళలో ఉంచి, వేళ్ళు తెగకుండా వేలితో మూడోవంతు మట్టి కరిగించి నాటుతాను. బకెట్టు అడుగున మిగిలే ఆ బూడిదరంగు మట్టి వాసన నాకు మా ఊరి కాలవగట్టు వాసన. జూన్, జూలై నెలల్లో ఈ పని చేస్తే మొక్కకు టెన్షన్ ఉండదు.

అనంతపురం అమ్మాయికి కావేరి కనెక్షన్ ఇంకా రాలేదు. బోరే దిక్కు. ముందు గోడకు పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా ఎండ ఉంది. చైనా గోరింట, తెల్లపువ్వుది తెచ్చుకోమన్నాను. కారు వెనకాల నీడ మూలకు మా సూడరాంథిమం కొమ్మలు నాలుగు తుంపి, తడిగుడ్డ చుట్టి ఇచ్చాను.